సర్క్యులర్ నిట్టింగ్ యంత్రంలో సూది కదలికను అదుపు చేయడం: మొదటి నుంచి చివరి దాకా

మగ్గానికి పడుగూ పేకా రెండూ కావాలి. సర్క్యులర్ నిట్టింగ్ యంత్రానికి పడుగుతో పనిలేదు. పేక నూలు ఒక్కటే గుండ్రంగా సాగుతుంది. పాత లూపులోంచి కొత్త లూపు దూరుతూ, గొట్టం ఆకారంలో బట్ట కిందికి దిగుతుంది. మనం వేసుకునే బనియన్లు, టీషర్టులు, పోలో చొక్కాల బట్ట ఇలా తయారయ్యేదే. ప్రతి సూదీ ప్రతి ఫీడరు (సూదులకు నూలు అందించే భాగం) దగ్గర ఎంత లేవాలో అంతే లేచి, ఎంత దిగాలో అంతే దిగితేనే ఆ బట్ట బాగుంటుంది.

విశాఖపట్నం చుట్టుపక్కల, ముఖ్యంగా అచ్యుతాపురం వైపు దుస్తుల పరిశ్రమ పెరిగాక, కంచరపాలెం ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో మెకానికల్ చదివిన పిల్లలకు నిట్టింగ్ హాల్లో కూడా ఉద్యోగాలు దొరుకుతున్నాయి. లేత్, వెల్డింగ్ చేతికి అలవాటైన వారికి కూడా ఈ యంత్రం కొత్తే. వారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

నేను పట్టుబట్టేది ఒకటే. బట్టలో తేడా కనపడగానే చేయి స్టిచ్ కామ్ (సూదిని కిందికి దించే కామ్; కామ్ అంటే సూది దారిని మలిచే ముక్క) మీదికి పోతుంది. నిజానికి అది అన్నిటికంటే చివర ముట్టుకోవలసిన భాగం. సూదులు, కామ్‌ల అమరిక, సింకర్లు, ఫీడర్లు, నూలు సరఫరా చూసుకున్న తర్వాతే దాని వంతు. ఈ వరుసను మార్చకండి.

లెక్కల కోసం ఒకే యంత్రాన్ని తీసుకుందాం: 30 అంగుళాల వ్యాసం, 24 గేజ్, 90 ఫీడర్లు, నిమిషానికి 25 చుట్లు, సింగిల్ జెర్సీ (ఒక్క సిలిండర్ సూదులతోనే అల్లే బట్ట). గేజ్ అంటే అంగుళానికి ఎన్ని సూదులో చెప్పే సంఖ్య కాబట్టి సిలిండర్ చుట్టూ సుమారు 2260 సూదులు ఉంటాయి. తయారీదారును బట్టి కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది. మీ యంత్రం ప్లేటు మీద ఉన్న సంఖ్యనే లెక్కల్లో వాడండి.

1. సూది దారిని ముందు కళ్లతో చూడండి

మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోండి. ఒక కామ్ బాక్సు విప్పి, చేతి పిడితో సిలిండర్‌ను నెమ్మదిగా తిప్పుతూ ఒక్క సూదినే గమనించండి. సిలిండర్ మీద నిలువుగా కోసిన గాడుల్లో సూదులు నిలబడి ఉంటాయి. ప్రతి సూది కాడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న ముక్కను బట్ అంటారు. సిలిండర్ తిరుగుతుంది, చుట్టూ ఉన్న కామ్‌లు కదలకుండా నిలబడి ఉంటాయి. కామ్‌ల మధ్య దారిలో బట్ ఎక్కితే సూది లేస్తుంది, బట్ దిగితే సూది దిగుతుంది. సూదికి వేరే ఏ ఆజ్ఞా లేదు.

1589లో విలియం లీ చేసిన మేజోళ్ల యంత్రంలో వాడిన స్ప్రింగ్ సూదికి హుక్ మూయాలంటే ఇంకో భాగం వచ్చి నొక్కాలి. 19వ శతాబ్దం మధ్యలో లెస్టర్‌కు చెందిన మాథ్యూ టౌన్సెండ్ పేటెంట్ తీసుకున్న లాచ్ సూదికి, అంటే హుక్‌ను మూసే చిన్న కదిలే నాలుక ఉన్న సూదికి, ఆ అవసరం లేదు. పైకి లేచేటప్పుడు పాత లూపే లాచ్‌ను తెరుస్తుంది, దిగేటప్పుడు ఆ లూపే మూస్తుంది. కాబట్టి ఈ సూదిని పైకీ కిందికీ సరిగ్గా కదిలిస్తే చాలు, మిగతాది అదే చేసుకుంటుంది.

చేతితో తిప్పుతూ మూడు ఎత్తులను గుర్తుపట్టండి. సూది పూర్తిగా లేచి, పాత లూపు లాచ్ కిందికి జారి కాడ మీదికి చేరితే అది నిట్ ఎత్తు. సగమే లేచి, లాచ్ తెరుచుకున్నా పాత లూపు ఇంకా లాచ్ మీదే ఉంటే అది టక్ ఎత్తు. కొత్త నూలు వచ్చి పాత లూపు పక్కనే హుక్‌లో చేరుతుంది. సూది అసలు లేవకపోతే మిస్. నూలు ఆ సూది వెనుకగా తేలిపోతుంది. సింగిల్ జెర్సీ మీద కనిపించే డిజైన్లన్నీ, రంగు నూలుతో వచ్చేవి తప్ప, ఈ మూడింటి కలయికలే.

ఇప్పుడు వేగం సంగతి. నిమిషానికి 25 చుట్ల దగ్గర సిలిండర్ అంచు సెకనుకు దాదాపు ఒక మీటరు కదులుతుంది. 90 ఫీడర్లు ఉన్నాయి కాబట్టి ఒక్కో ఫీడరుకు దక్కే వెడల్పు సుమారు 26.6 మిల్లీమీటర్లు. అంత చోటులోనే సూది లేవాలి, నూలు అందుకోవాలి, దిగాలి. అంటే ఒక్కో సూది నిమిషానికి 2250 సార్లు లేచి దిగుతోంది. బట్ కామ్‌ను తాకే ప్రతిసారీ చిన్న దెబ్బ తగులుతుంది. కామ్ వాలు నిటారుగా ఉంటే ఆ దెబ్బ పెరుగుతుంది. వాలు తగ్గిస్తే దెబ్బ తగ్గుతుంది గానీ ఒకేసారి ఎక్కువ సూదులు దిగుతూ ఉంటాయి, నూలు వాటన్నిటి మీదుగా రాసుకుంటూ పోవాలి, బిగువు పెరుగుతుంది. ఉదాహరణకు 45 డిగ్రీల వాలులో సూది 10 మిల్లీమీటర్లు దిగాలంటే అడ్డంగానూ 10 మిల్లీమీటర్లు సాగాలి. 24 గేజ్‌లో రెండు సూదుల మధ్య దూరం 1.06 మిల్లీమీటర్లు, కాబట్టి తొమ్మిది సూదులకు పైగా ఆ వాలు మీద ఉన్నట్లు లెక్క. కామ్ తయారీదారు ఈ రెండింటి మధ్య రాజీ కుదిర్చి ఆకారం నిర్ణయిస్తాడు. అందుకే అరిగిన కామ్‌ను బయట గ్రైండింగ్ చేయించవద్దు. గాజువాక ఆటోనగర్‌లో ఏ ముక్కనైనా చేసిపెట్టగల నేర్పరులున్నారు. బ్రాకెట్లు, షాఫ్టులు, బుష్‌లు వారి దగ్గర ధైర్యంగా చేయించుకోండి. కామ్ మాత్రం తయారీదారు నుంచే రావాలి, ఎందుకంటే పైపొర గట్టిదనం, వాలు ఆకారం రెండూ ఒక్క రాపిడితో పోతాయి.

2. సూదులు, గాడులు శుభ్రం చేయడం

గాడిలో దూది, నూనె కలిసి గట్టిపడితే సూది బిగుసుకుంటుంది. బిగుసుకున్న సూది లేవవలసిన ఎత్తుకు చేరేలోపే బట్ విరుగుతుంది. గాడి అరిగి వదులైతే సూది పక్కకు ఊగుతుంది, బట్టలో నిలువు గీత పడుతుంది. ఒక సూదిని గాడిలో పెట్టి వేలితో తోయండి. నూనె పట్టిన సూది ఎక్కడా పట్టుకోకుండా జారాలి, కానీ తనంత తానే పడిపోకూడదు.

సూదిని వెలుతురులో తిప్పి చూడండి. లాచ్ హుక్ మీద మధ్యలో కూర్చుంటోందా, ఒక పక్కకు ఒరిగిందా? ఒరిగిన లాచ్ నూలును కోస్తుంది. బట్ మీద ఒకవైపే మెరుపు ఎక్కువగా ఉంటే అది కామ్ అతుకు దగ్గర మెట్టు ఉందనడానికి గుర్తు.

మన ఊళ్లో గాలి గురించి ఇక్కడే చెప్పాలి. సముద్రపు తేమ, ఉప్పు రెండూ సూదులకు శత్రువులు. కాటన్ నిట్టింగ్ హాల్లో గాలి తేమ 55–65 శాతం మధ్య ఉంచాలని సాధారణంగా చెబుతారు. బయటి గాలి నేరుగా లోపలికి వస్తే విశాఖలో ఆ హద్దు నిలవదు. తలుపులు తీసి పెట్టే అలవాటు మానుకోండి. సూదుల పెట్టెలు నూనె కాగితంలో, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉంచండి. చెమట చేతులతో సూది కాడను పట్టుకోవద్దు. కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీటిని ప్రతి షిఫ్టు మొదట్లో వదలండి. ఆ నీరు గాలి గొట్టంలోకి పోతే నూనె పొగతో కలిసి నేరుగా సూదుల మీదే చేరుతుంది. ఈ ఒక్క పని తప్పకుండా చేసే హాల్లో సూదులు ఎక్కువ కాలం మన్నుతాయి.

3. సూదుల వరుస, కామ్‌ల వరుస

సాదా సింగిల్ జెర్సీకి అన్ని చోట్లా నిట్ కామ్‌లే. సూదుల వరుస ఎలా ఉన్నా తేడా రాదు. డిజైన్ వచ్చేసరికి ఆలోచన మొదలవుతుంది. నాలుగు ట్రాకుల యంత్రంలో బట్ నాలుగు వేర్వేరు ఎత్తుల్లో ఉండే సూదులు దొరుకుతాయి. ఒక్కో ఎత్తుకు ఒక్కో కామ్ దారి. ఏ ఫీడరు దగ్గర ఏ ట్రాకులో నిట్, టక్, మిస్ కామ్ పెడతామో దాన్ని బట్టి ఏ సూది ఏం చేయాలో తేలిపోతుంది.

పోలో చొక్కాల పికే బట్టనే తీసుకోండి. రెండు రకాల సూదులు చాలు, ఒకటి విడిచి ఒకటి. వాటిని పై సూది, కింది సూది అందాం.

మొదటి ఫీడర్: పై సూది నిట్, కింది సూది టక్.
రెండో ఫీడర్: రెండూ నిట్.
మూడో ఫీడర్: పై సూది టక్, కింది సూది నిట్.
నాలుగో ఫీడర్: రెండూ నిట్.

దీన్ని ముందు గళ్ల కాగితం మీద వేసుకోండి. కాగితం లేకుండా తలలో పెట్టుకుని కామ్‌లు బిగించడం మొదలుపెడితే, ఎక్కడో ఒకచోట టక్ బదులు మిస్ పడుతుంది. దాన్ని వెతకడానికి రోజంతా పోతుంది.

ఈ డిజైన్ నాలుగు ఫీడర్లకు ఒకసారి తిరిగి వస్తుంది. 90ని నాలుగుతో భాగిస్తే మిగులు వస్తుంది. కాబట్టి 88 ఫీడర్లే వాడి, మిగిలిన రెండింటి దగ్గర అన్ని ట్రాకుల్లోనూ మిస్ కామ్‌లు పెట్టి నూలు తీసేయాలి. సూదుల వైపూ ఇదే లెక్క. 2260 రెండుతో పోతుంది, నాలుగుతో పోతుంది, మూడుతో పోదు. మూడు సూదుల డిజైన్ వేస్తే ఒకచోట వరుస తెగుతుంది. ఆ చోటు గొట్టం బట్టను కోసి తెరిచే గీత మీద పడేలా చూసుకుంటే నష్టం ఉండదు.

కామ్ బిగించాక పక్క కామ్‌తో కలిసే చోట గోటితో తడమండి. కంటికి కనపడని మెట్టు గోటికి తగులుతుంది. ఆ తర్వాత చేతి పిడితో కనీసం ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఎక్కడైనా చేతికి బరువు తగిలితే బలంగా తోయకండి, అక్కడే ఆగి విప్పి చూడండి.

4. సింకర్లు, ఫీడర్లు

సూదుల మధ్య అడ్డంగా కదిలే పలుచని రేకులే సింకర్లు. సూది లేచేటప్పుడు సింకర్ లోపలికి, అంటే యంత్రం మధ్యలోకి సాగి, పాత లూపులు సూదితో పాటు లేవకుండా తన గొంతులో పట్టి ఉంచుతుంది. సూది దిగేటప్పుడు వెనక్కి తగ్గి, కొత్త లూపు తన పొట్ట అంచు మీదుగా తయారవడానికి చోటిస్తుంది.

సింకర్ రింగును సూది కామ్‌లతో పోలిస్తే కొద్దిగా ముందుకో వెనక్కో జరపవచ్చు. సింకర్ ఆలస్యంగా లోపలికి వస్తే బట్ట సూదులతో పాటు పైకి ఉబుకుతుంది, పాత లూపు లాచ్ దాటక, అక్కరలేని టక్‌లు పడతాయి. మరీ ముందుగా వస్తే, ఇంకా దిగుతున్న నూలును నొక్కి సన్నని రంధ్రాలు చేస్తుంది. సూది అట్టడుగుకు చేరి తిరిగి లేవబోయే క్షణంలో సింకర్ ముందుకు కదలడం మొదలుకావాలి. చేతి పిడితో తిప్పుతూ, పక్కనుంచి దీపం వేసి చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

ఫీడర్ నూలునిస్తుంది. అంతేకాక తెరుచుకున్న లాచ్ ఎగిరి మళ్లీ మూసుకుపోకుండా కాపు కాస్తుంది కూడా. దూరంగా పెడితే లాచ్ మూసుకుపోయి లూపు జారిపోతుంది. మరీ దగ్గరగా పెడితే లాచ్ తగిలి వంగుతుంది. ఎత్తు ఎక్కువైతే నూలు హుక్‌ను తప్పించుకుంటుంది. తగలకుండా ఎంత దగ్గర పెట్టగలిగితే అంత దగ్గర పెట్టండి, చేతితో తిప్పి తగలడం లేదని నిర్ధారించుకోండి.

5. నూలు ఎంత వెళ్లాలో ముందే నిర్ణయించండి

నిట్టింగ్ బట్ట కొలతలకు మూలం లూపు పొడవేనని 1959లో మండెన్ చూపించాడు. బట్టను నీళ్లలో తడిపి సేదదీరనిస్తే దాని వెడల్పు, పొడవు, బరువు అన్నీ లూపు పొడవును అనుసరించే స్థిరపడతాయి. కాబట్టి లూపు పొడవును అదుపు చేయగలిగితే మిగతావన్నీ మన చేతిలో ఉన్నట్లే.

కొత్తవారు పొరబడేది ఇక్కడే. లూపు పొడవును స్టిచ్ కామ్ నిర్ణయిస్తుందని అనుకుంటారు. పాజిటివ్ ఫీడింగ్ ఉన్న యంత్రంలో, అంటే బెల్టు ద్వారా నూలు చక్రాలు తిరిగి లెక్క ప్రకారం నూలును అందించే యంత్రంలో, లూపు పొడవును నిర్ణయించేది ఆ బెల్టు వేగమే. ఒక చుట్టులో చక్రం ఎంత నూలు ఇస్తే సూదులు అంతే పంచుకుంటాయి. స్టిచ్ కామ్‌ను లోతుగా దించితే లూపు పెరగదు, నూలు బిగుసుకుంటుంది. పైకెత్తితే నూలు వదులవుతుంది.

లెక్క చూడండి. 30 కౌంట్ (నూలు సన్నదనాన్ని చెప్పే సంఖ్య) కాటన్ నూలుతో 2.8 మిల్లీమీటర్ల లూపు కావాలనుకుందాం. 2260 సూదులను 2.8తో గుణిస్తే 6328 మిల్లీమీటర్లు, అంటే ఒక చుట్టుకు ఒక్కో ఫీడరులో 6.33 మీటర్ల నూలు వెళ్లాలి. బెల్టును నడిపే పెద్ద పుల్లీ వ్యాసాన్ని మార్చి ఈ సంఖ్యకు తీసుకురండి. ఒక ఫీడరు నూలు మీద గుర్తు పెట్టి, యంత్రాన్ని సరిగ్గా ఒక చుట్టు తిప్పి, వెళ్లిన నూలును టేపుతో కొలవండి. నూలు పొడవు కొలిచే మీటరు ఉంటే ఇంకా మంచిది.

లూపు 2.8 నుంచి 2.9 మిల్లీమీటర్లకు పెరిగితే ఎంత తేడా వస్తుందో చూడండి. జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు, గ్రాముల్లో) లూపు పొడవుకు విలోమంగా మారుతుంది కాబట్టి 140 జీఎస్ఎం బట్ట సుమారు 135కు పడిపోతుంది. కొనేవారు బట్టను వెనక్కి పంపడానికి ఆ మాత్రం చాలు.

పికేలో ఇంకో జాగ్రత్త ఉంది. టక్ పడే ఫీడరుకు అన్నీ నిట్ అయ్యే ఫీడరుకంటే తక్కువ నూలు సరిపోతుంది. కాబట్టి బేసి ఫీడర్లకు ఒక బెల్టు, సరి ఫీడర్లకు ఇంకో బెల్టు వేసి రెండు పుల్లీలను విడిగా సర్దండి. ఒకే బెల్టుతో నడిపితే ఒక వరుస వదులుగా, ఇంకో వరుస బిగుతుగా వచ్చి బట్ట మీద చారలు తేలతాయి.

6. ఇప్పుడు స్టిచ్ కామ్

పైవన్నీ సరిచూశాకే దీని దగ్గరికి రండి. అన్ని స్టిచ్ కామ్‌లనూ ముందు స్కేలు మీద ఒకే గీతకు పెట్టండి. యంత్రాన్ని తక్కువ వేగంతో నడిపి, టెన్షన్ మీటరుతో ఒక్కో ఫీడరు దగ్గర నూలు చక్రానికీ ఫీడరుకూ మధ్య బిగువు కొలవండి. సింగిల్ జెర్సీకి సాధారణంగా 3–5 గ్రాముల మధ్య ఉంచుతారు. ఎక్కువ ఉన్న చోట కామ్‌ను కొద్దిగా పైకి, తక్కువ ఉన్న చోట కిందికి జరపండి. స్కేలు గీతలన్నీ ఒకేలా ఉండాలని పట్టుబట్టకండి. కామ్‌ల అరుగుదలలో తేడా ఉంటుంది కాబట్టి బిగువు ఒకేలా ఉండటం ముఖ్యం.

కామ్ లోతుకూ అసలు లూపు పొడవుకూ ఎందుకు పొంతన ఉండదో 1966లో నాప్టన్, మండెన్ వివరించారు. అట్టడుగుకు దిగిన సూది లూపును పూర్తిగా లాగినా, ఆ సూది తిరిగి లేవడం మొదలుపెట్టగానే, వెనుక దిగుతున్న సూదులు దాని లూపులోంచి కొంత నూలును తిరిగి లాక్కుంటాయి. నూలు బిగువు ఎంత ఎక్కువైతే ఈ లాక్కోవడం అంత ఎక్కువ. నూలును కోన్ నుంచి సూదులే లాక్కునే పాత పద్ధతి యంత్రాల్లో మైనం సరిగా పట్టని నూలు వచ్చిన రోజు బట్ట బరువు మారిపోవడానికి కారణం ఇదే.

కామ్‌ను అనవసరంగా లోతుగా దించితే నూలు తెగుతుంది, బట్ మీద భారం పెరిగి విరుగుతుంది. బట్టలో రంధ్రాలు రాకుండా, లూపులు వదులవకుండా ఉండేంత లోతు చాలు. ఒకసారికి ఒక గీతకు మించి జరపవద్దు. జరిపిన ప్రతిసారీ రాసుకోండి.

7. డయల్ కూడా ఉన్న యంత్రాల్లో

రిబ్, ఇంటర్‌లాక్ బట్టలకు నిలువు సూదుల సిలిండర్‌తో పాటు అడ్డం సూదుల డయల్ ఉంటుంది. రిబ్‌లో డయల్ సూది రెండు సిలిండర్ సూదుల మధ్యలోకి వస్తుంది. ఇంటర్‌లాక్‌లో రెండూ ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఎదురుబొదురు సూదులు ఒకేసారి కదలకూడదు. పొడవు సూదికి ఎదురుగా పొట్టి సూది పెట్టి, ఒక ఫీడరులో పొడవు సూదులు, తర్వాతి ఫీడరులో పొట్టి సూదులు పని చేసేలా కామ్‌లు అమరుస్తారు. రెండు ఫీడర్లు కలిస్తే ఒక పూర్తి వరుస. రిబ్ నుంచి ఇంటర్‌లాక్‌కు మార్చాలంటే డయల్‌ను సూదుల మధ్య దూరంలో సగం, 24 గేజ్‌లో సుమారు 0.53 మిల్లీమీటర్లు జరపాలి. ఈ మార్పు చేశాక చేతితో తిప్పకుండా కరెంటు ఇస్తే వందల సూదులు ఒక్క క్షణంలో ఢీకొంటాయి.

సిలిండర్ సూది, డయల్ సూది ఒకే క్షణంలో లూపును లాగేలా పెడితే వదులైన, సమానమైన బట్ట వస్తుంది. డయల్ సూదిని కొన్ని సూదుల దూరం ఆలస్యంగా లాగేలా పెడితే, అది సిలిండర్ లూపుల నుంచే నూలు తీసుకుంటుంది, బట్ట బిగుతుగా వస్తుంది. ఏది పెట్టారో కాగితం మీద రాసి యంత్రానికి అంటించండి.

8. ఎలక్ట్రానిక్ ఎంపిక

జాకార్డ్ యంత్రాల్లో ఏ సూది లేవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఫీడరు దగ్గరున్న చిన్న యాక్చుయేటర్ సూది కింద ఉన్న జాక్ అనే ముక్కను లోపలికి నొక్కుతుంది, లేదా వదిలేస్తుంది. రైలు పాయింటు మారినట్లు సూది అక్కడ వేరే దారి పడుతుంది. దారి మాత్రం ఇక్కడా కామ్‌లదే. డిజైన్ ఫైలు సరిగ్గా ఉన్నా ఒకే నిలువు వరుసలో పొరపాటు వస్తుంటే, సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఆ జాక్ వంగిందేమో, యాక్చుయేటర్ మొన దగ్గర దూది చేరిందేమో చూడండి.

9. బట్టను చదవడం

నిలువు గీత అంటే సూది లేదా గాడి లేదా సింకర్. అడ్డం చార అంటే ఫీడర్, నూలు లేదా కామ్. ఈ ఒక్క విభజనతోనే వెతుకులాట సగానికి తగ్గుతుంది.

అడ్డం చార సరిగ్గా 90 వరుసలకు ఒకసారి వస్తే, తప్పు ఒకే ఫీడరుది. అది ఏదో తెలుసుకోవడానికి ఒక ఫీడరులో రంగు నూలు ఎక్కించి కొద్దిసేపు నడపండి. రంగు వరుస నుంచి చార దాకా వరుసలను లెక్కపెడితే, ఆ ఫీడరు నుంచి సరిగ్గా అన్నే ఫీడర్ల దూరంలో దోషి దొరుకుతుంది. అక్కడ ముందు నూలు కోన్ చూడండి, తర్వాత నూలు చక్రం మీద బెల్టు జారుతోందేమో, తర్వాత ఫీడర్ ఎత్తు, ఆ తర్వాతే స్టిచ్ కామ్.

నిలువు గీత దొరికితే ఆ సూదిని మార్చండి. చాలా కాలం నడిచిన సూదుల మధ్య కొత్త సూది పెడితే అదే ఇంకో గీతగా కనిపిస్తుంది. కాబట్టి సూదుల సెట్టు మొత్తం మార్చేటప్పుడు పాతవాటిలో బాగున్నవి కొన్ని దాచిపెట్టుకోండి, మార్పిడికి అవే సరిపోతాయి. బట్‌లు వరసగా విరుగుతుంటే సూదులు మారుస్తూ కూర్చోకండి. కామ్ అతుకు, నూనె, గాడిలో దూది చూడండి.

10. తుఫాను రోజుల్లో ఆపి, తిరిగి నడపడం

అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక వస్తే యంత్రాలు ఆపవలసి వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరానికి రోజుల తరబడి కరెంటు లేదు. అంతసేపు తడి గాలిలో నిలబడిన సూదులు తుప్పు పట్టడం ఖాయం. కాబట్టి ఆపే ముందు నూనె సరఫరాను కొద్దిగా పెంచి కొన్ని చుట్లు నడపండి, గాలి ట్యాంకు నీరు పూర్తిగా వదలండి, యంత్రానికి గుడ్డ కప్పండి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు చేతి పిడితో పూర్తి చుట్టు తిప్పండి. సూదులన్నీ ఆడుతున్నాయని, లాచ్‌లు తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కరెంటు ఇవ్వండి. మొదటి అరగంట సగం వేగంతో నడిపి, ఆ సమయంలో వచ్చిన నూనె మరకల బట్టను విడిగా చుట్టి పక్కన పెట్టండి.